రాడ్డు మీద ముద్ర

ఎదురింటి బాబాయ్ మేడ మీద ఒక గది లేపుదామనుకున్నాడు. ఐరన్ దిగిన రోజు పొద్దున్నే నన్ను కేకేశాడు. కూర్మన్నపాలెం కూడలి నుంచి వచ్చే రోడ్డు మా సందులోకి మళ్లేచోట లారీ తిరగదు. అందుకని మధ్యకి మడిచిన 12 ఎమ్ఎమ్ రాడ్లను చిన్న ట్రాలీలో తెచ్చి గోడ వారన పడేశారు. ఆయన గొంతుక్కూచుని, భుజం మీది తువ్వాలు కొసతో ఒక రాడ్డు మీద దుమ్ము తుడిచి, వేలితో తడుముతూ చదువుతున్నాడు. విశాఖ ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మిగతావాళ్లం ఇనుము చూసేచోట ఆయన అక్షరాలు చూస్తాడు.

"ఒరే, సూడు. కంపెనీ పేరుంది. ఎఫ్ఈ 500డీ ఉంది. ముద్ర లేని రాడ్డు నా ఇంట్లోకి రాదు."

ఆ అక్షరాలు తర్వాత గుద్దినవి కావు. మిల్లు ఆఖరి స్టాండులో రోలుకే వాటిని తిరగేసి చెక్కి ఉంచుతారు. ఎర్రగా కాలిన కడ్డీ ఆ రోలు కిందనుంచి దూసుకుపోయేటప్పుడు పక్కటెముకలతో పాటు పేరూ, గ్రేడూ ఉబ్బెత్తుగా పడిపోతాయి. రోలు తిరిగినన్నిసార్లూ పడతాయి కాబట్టి కాస్త పొడుగ్గా ఏ ముక్క కోసుకున్నా ఎక్కడో ఒకచోట ముద్ర దొరుకుతుంది. 500 అంటే చదరపు మిల్లీమీటరుకు అన్ని న్యూటన్ల లాగుడు వరకూ రాడ్డు శాశ్వతంగా సాగకూడదని. డీ అంటే సాగే గుణం ఎక్కువని. ఐఎస్ 1786 ప్రమాణం ప్రకారం ఉత్త 500 రకం తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, 500డీ అయితే 16 శాతం. భూకంపం వచ్చినప్పుడు ఆ నాలుగు శాతమే పైకప్పును కాసేపు పట్టి ఉంచుతుంది. కట్టకు కట్టిన బిళ్ల మీద హీట్ నంబరు కూడా ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని వెనక్కి వెళితే ఏ కుండలో కాగిన ఉక్కో, అందులో కార్బన్ ఎంతో, గంధకం ఎంతో పరీక్ష పత్రంలో తేలుతుంది.

ఇంతకీ నన్ను పిలిచింది రాడ్డు చూపించడానికి కాదు. మొత్తం బరువు ఎంతవుతుందో లెక్క కట్టడానికి మనవడు ఆయన ఫోన్‌లో ఒక యాప్ వేసిపెట్టాడు. వ్యాసం, పొడవు, ఎన్ని రాడ్లు అని మూడు గళ్లు. అవి నింపి నొక్కితే జవాబుకు ముందు ఏదో ఆట తాలూకు ప్రకటన అర నిమిషం ఆడుతోంది. అది అయ్యాక మీ కాంటాక్టులు చూడనిస్తారా అని అడుగుతోంది. "నేను అడిగింది రాడ్డు బరువు. ఇది నా చుట్టాల నంబర్లు అడుగుతాదేటిరా?" అన్నాడు బాబాయ్. సైటు మీద పనిచేసే ఏ మేస్త్రీని అడిగినా చెప్పే లెక్క అది: వ్యాసాన్ని దానితోనే హెచ్చించి 162తో భాగిస్తే మీటరుకు ఇన్ని కిలోలు. ఒక భాగహారానికి చుట్టాల జాబితా ఎందుకో నాకూ అర్థం కాలేదు. స్టోర్‌లో ఆ యాప్ పేరు చివర ఒక మాట మాత్రం ఉంది: ఫ్రీ.

పేరులోనే ఆ మాట పెట్టుకుని అమెరికాలో కేసు దాకా వెళ్లిన యాప్ ఒకటుంది. 'బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ ఫ్రీ' అని, ఫోన్‌లో టార్చి వెలిగించేది. కోట్లమంది దించుకున్నారు. అది టార్చి వెలిగిస్తూనే ఫోన్ ఎక్కడుందో, ఏ ఫోనో ఆనవాలుతో సహా ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013 డిసెంబరులో అభియోగం మోపింది. వద్దు అని నొక్కే మీట కూడా పెట్టారు. నొక్కకముందే సమాచారం వెళ్లిపోయేది. పేరులోని ఫ్రీ మాత్రం అబద్ధం కాదు. డబ్బులు తీసుకోలేదు మరి.

ఈ ఫ్రీ అనే మాటతో ఇంగ్లీషువాళ్లు నలభయ్యేళ్లుగా అవస్థ పడుతున్నారు. అమెరికాలో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. వాడేవాళ్ల చేతికి పూర్తి పగ్గాలు ఉండే సాఫ్ట్‌వేర్‌ను మొదటినుంచీ రాస్తానని. దానికి ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని పేరు పెట్టాడు. అప్పటినుంచి ప్రతి సభలోనూ, ఫ్రీ అంటే ధర కాదు బాబూ, స్వేచ్ఛ, అని వివరణ ఇచ్చుకుంటూనే ఉన్నాడు. వాళ్ల భాషలో రెండిటికీ ఒకటే మాట. మనకా చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 2005లో హైదరాబాద్ కేంద్రంగా ఈ ఉద్యమాన్ని మొదలుపెట్టినవాళ్లు తమ సంస్థకూ, తెలుగులో కనబడే తమ లినక్స్‌కూ 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకుని, వివరణ అవసరమే లేకుండా చేసుకున్నారు. అసలు ఉచితం అనే మాట కూడా తమాషా అయింది. సంస్కృతంలో దాని అర్థం తగినది అని. ఉచితానుచితాలు అనేటప్పుడు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతాం. డబ్బులివ్వక్కర్లేదు అనే అర్థం తర్వాత వచ్చి చేరింది. బాబాయ్ యాప్ విషయంలో ఉచితం అయింది గానీ ఉచితంగా మాత్రం లేదు.

స్వేచ్ఛకు ఎదురుగా ఉన్న మాట ప్రొప్రైటరీ. పుస్తకాల్లో యాజమాన్య సాఫ్ట్‌వేర్ అంటున్నాం. ఈ మాట మన బజార్లో ఎప్పటినుంచో ఉంది. కిరాణా కొట్టు బోర్డు కింద చిన్న అక్షరాలతో 'ప్రొ॥' అని రాసి యజమాని పేరు వేస్తారే, అదే ఇది. కొట్టుకి యజమాని ఉంటే తప్పేం లేదు. చిక్కల్లా కొట్లో కొన్న వస్తువుకి కూడా ఇంటికి తెచ్చాక ఆయనే యజమానిగా మిగిలితే. పప్పు కొంటే వండుకుంటాం, పక్కింటికి గిన్నెడు ఇస్తాం, రాళ్లుంటే ఏరుకుంటాం. యాజమాన్య యాప్ కొంటే, లేదా ఉత్తినే దించుకుంటే, ఇవేవీ చేయడానికి వీల్లేదు. వాడుకోవడానికి అనుమతి ఉంటుంది, అంతే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనిపించుకోవాలంటే నాలుగు హక్కులుండాలి: ఏ పనికైనా నడుపుకోవడం, లోపల ఎలా పనిచేస్తోందో చదివి మార్చుకోవడం, యథాతథంగా పంచుకోవడం, మార్చినదాన్ని పంచుకోవడం. మొదట మూడే ఉండేవి; నడుపుకునే హక్కును తర్వాత వాటికి ముందు చేర్చారు కాబట్టి వీటికి 0, 1, 2, 3 అని అంకెలు పడ్డాయి. రెండోదానికీ నాలుగోదానికీ సోర్స్ కోడ్ చేతిలో ఉండితీరాలి. ఫోన్‌లోకి వచ్చేది కోడ్ కాదు, దాన్ని నూరి ముద్ద చేసిన రూపం. ఆవకాయ తిన్నంత మాత్రాన కొలతలు తెలిసిపోవు కదా.

కూర్మన్నపాలెం వాళ్లకు యాజమాన్యం గురించి నేను పాఠం చెప్పబోవడం సాహసమే. 2021 ఫిబ్రవరిలో, కర్మాగారంలో కేంద్రం వాటా మొత్తం అమ్మేయాలన్న నిర్ణయం బయటికి వచ్చిన కొద్ది రోజులకే, ఈ కూడలిలోనే నిరాహార దీక్షల శిబిరం వెలిసింది. ఎవరిది అనే ప్రశ్నకూ ఎంత అనే ప్రశ్నకూ తేడా ఇక్కడి టీ కొట్టులో కూడా చర్చకు వస్తుంది. ఫోన్ విషయానికి వచ్చేసరికే ఎంత అని అడిగి ఊరుకుంటాం. ఎవరిది అని అడిగినా చెప్పే చోటు యాప్ దుకాణంలో లేదు.

నిజంగానే లేదు. ప్లే స్టోర్‌లో ఏ యాప్ పేజీ అయినా తెరిచి చూడండి. ధర ఉంటుంది. ప్రకటనలు వస్తాయా, లోపల కొనుగోళ్లు ఉన్నాయా అని ఉంటుంది. ఎంతమంది దించుకున్నారో, ఎన్ని నక్షత్రాలిచ్చారో, ఏ వయసు పిల్లలకు తగునో ఉంటుంది. 2022 నుంచి ఏ సమాచారం తీసుకుంటుందో చెప్పే భాగం కూడా చేరింది. అది యాప్ చేసినవాళ్లు స్వయంగా రాసిచ్చే వాంగ్మూలం. ఆపిల్ వాళ్లు అలాంటి చీటీనే 2020 డిసెంబరులో పెట్టారు. లైసెన్స్ ఏమిటి, సోర్స్ కోడ్ దొరుకుతుందా అనే గడి మాత్రం రెండు చోట్లా లేదు. ఇష్టమున్నవాళ్లు వర్ణనలో ఒక వాక్యం రాసుకుంటారు. లేనివాళ్లు రాయరు. రాసినా సరిచూసే నాథుడు లేడు. బియ్యం బస్తా మీద రకం పేరు వేయకుండా, బస్తా ఎంత ముచ్చటగా ఉందో ఎంతమంది మెచ్చుకున్నారో వేసినట్టు.

తెలివైనవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. నేనూ పడ్డాను. యాప్ తెరిచి, సెట్టింగులకు వెళ్లి, 'గురించి' అనే చోట నొక్కితే 'ఓపెన్ సోర్స్ లైసెన్సులు' అని ఒక వరస కనబడుతుంది. అపాచే, ఎంఐటీ, బీఎస్‌డీ అంటూ పేజీలకు పేజీలు. ఆహా, ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అనిపిస్తుంది. కాదు. ఆ యాప్ కట్టడానికి వాడిన స్వేచ్ఛా లైబ్రరీల జాబితా అది. ఆ లైబ్రరీల షరతుల ప్రకారం వాటి పేరు చెప్పి తీరాలి కాబట్టి చెప్పారు. దాదాపు ప్రతి యాజమాన్య యాప్‌లోనూ ఈ పేజీ ఉంటుంది. స్తంభాల్లో వైజాగ్ స్టీలు వేసినంత మాత్రాన ఆ మేడ సర్కారుది అయిపోతుందా? కొన్నేళ్ల కింద ఒక సభలో ఇదే పేజీని పైకెత్తి చూపించి ఒక యాప్‌ను తెగ పొగిడాను. సభ అయ్యాక ఒక విద్యార్థి పక్కకు తీసుకెళ్లి మెల్లిగా చెప్పాడు. ఆ మర్యాదకి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

మరి ముద్ర వేసి అమ్మే దుకాణం ఉందా? ఉంది. ఎఫ్-డ్రాయిడ్. 2010లో సియారన్ గుల్ట్‌నీక్స్ మొదలుపెట్టాడు. ఇప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్నారు. ప్లే స్టోర్‌లో యాప్‌లు లక్షల్లో ఉంటే ఇక్కడ వేలల్లోనే. ఒక్కొక్క యాప్ పేజీ మీద లైసెన్స్ పేరు, సోర్స్ కోడ్‌కు దారి, మార్పుల చరిత్ర ఉంటాయి. అసలు విశేషం అది కాదు. మామూలు దుకాణంలో యాప్ చేసినవాళ్లు తయారుచేసిన పొట్లాన్ని పంపితే చాలు, సోర్స్ కోడ్ అడగరు. ఎఫ్-డ్రాయిడ్ పొట్లం తీసుకోదు, కోడ్ తీసుకుంటుంది. కోడ్‌లో ఫలానా దశ అని చెప్పే హాష్ అనే పొడుగాటి అంకె ఉంటుంది. మన హీట్ నంబరు లాంటిదే. ఆ దశలోని కోడ్‌ను తమ యంత్రం మీద తామే వండి పొట్లం కడతారు. వండేముందు జల్లెడ పడతారు. యాజమాన్యపు ప్రకటనల లైబ్రరీ, యాజమాన్యపు నిఘా లైబ్రరీ, గూగుల్ వారి యాజమాన్య ముక్కలు తగిలితే యంత్రం ఆగిపోతుంది. అంటే లైసెన్స్ అనే మాట పక్కన ఆ మాటకు కట్టుబడిన వస్తువు కూడా ఉంటుంది. యాప్ చేసినవాళ్లు కట్టిన పొట్లమూ, ఎఫ్-డ్రాయిడ్ కట్టిన పొట్లమూ చివరి బిట్టు దాకా ఒకటే అని సరిచూడగలిగితే ఇంకా మేలు. దానికి కోడ్‌ను చాలా శ్రద్ధగా అమర్చుకోవాలి. తయారైన తేదీ, గంట లోపల దూరినా రెండు పొట్లాలూ వేరైపోతాయి. బాబాయ్ అయితే, రెండు కాటాల మీద తూచి ఒకే బరువు వస్తే గానీ నమ్మను అంటాడు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయినంత మాత్రాన అన్నీ బాగున్నట్టు కాదని కూడా ఆ దుకాణం చెబుతుంది. కొన్ని పేజీల మీద హెచ్చరిక చీటీలుంటాయి. ప్రకటనలు చూపిస్తుంది, వాడకాన్ని గమనించి పంపుతుంది, యాజమాన్య సర్వీసు లేకపోతే పనిచేయదు, తెలిసిన భద్రతా లోపం ఉంది — ఇలా. టెలిగ్రామ్ సంగతి చూడండి. ఫోన్‌లో ఉండే యాప్ కోడ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్స్ కింద అందరికీ ఉంది. అవతలి సర్వర్ కోడ్ బయటికి రాలేదు. అలాంటి యాప్‌ను స్వేచ్ఛా యాప్ అనాలా కాదా అంటే సగం సమాధానమే చెప్పగలం. ఆ సగాన్ని చీటీ మీద రాసి, మిగతాది మన ఇష్టానికి వదిలేస్తారు. చాలామంది ఈ హెచ్చరికలు చూసి బెదిరి, ఏ హెచ్చరికా లేని ప్లే స్టోర్‌కు వెళ్లిపోతారు. ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే చక్కెర బయటపడిందని, పరీక్షలు చేయని డాక్టరు దగ్గరికి మారినట్టు.

ధరకూ లైసెన్స్‌కూ సంబంధం లేదని ఒక్క యాప్‌లోనే చూడాలంటే ఓస్మాండ్ దించుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాలను ఫోన్‌లోకి దించుకుని, నెట్ లేకుండా దారి చూపించే యాప్ అది. కోడ్ జీపీఎల్. ప్లే స్టోర్‌లో ఉత్తినే దొరికే కూర్పులో కొన్ని పటాలు దించుకున్నాక ఇక డబ్బు కట్టమంటుంది. ఎఫ్-డ్రాయిడ్‌లో అదే యాప్‌కు ఆ పరిమితి లేదు. అమ్ముకుంటున్నారు కాబట్టి స్వేచ్ఛ పోలేదు. స్వేచ్ఛ ఉంది కాబట్టి అమ్మకూడదని లేదు. కన్వర్సేషన్స్ అనే చాట్ యాప్ కూడా చాలా ఏళ్లు అంతే, ఒకచోట డబ్బుకు, ఇంకోచోట ఊరికే దొరికింది. కోడ్ ఒకటే.

దుకాణానికీ లైసెన్స్‌కూ నేరుగా తగువు వచ్చిన సందర్భం వీఎల్‌సీది. పెళ్లి వీడియోల సీడీల కాలం నుంచీ మన ఇళ్లలో ఉన్న ఆ ట్రాఫిక్ కోను గుర్తే. ప్యారిస్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా 1996లో మొదలైంది. 2010లో ఐఫోన్ల యాప్ స్టోర్‌లోకి వచ్చింది. దాని రచయితల్లో ఒకడైన రెమీ డెని-కూర్మోన్ అభ్యంతరం చెప్పాడు. జీపీఎల్ ప్రకారం ఈ కోడ్‌ను అందుకున్నవాళ్ల మీద కొత్త ఆంక్షలు పెట్టకూడదు; ఆపిల్ స్టోర్ నియమాలు ఆంక్షలు పెడుతున్నాయి; రెండూ ఒక వరలో ఇమడవు. 2011 జనవరిలో ఆపిల్ వీఎల్‌సీని తీసేసింది. వందలమంది రచయితలను వెతికి పట్టుకుని, ఒక్కొక్కరి ఒప్పుదల తీసుకుని, లైసెన్స్ మార్చి, 2013 జులైలో మళ్లీ పెట్టించారు. రెండేళ్లన్నర. వాడేవాళ్లకు ఇదంతా ఒక మాయమైన గుర్తు, మళ్లీ ప్రత్యక్షమైన గుర్తు. ఏం జరిగిందో చెప్పే గడి పేజీ మీద లేదు కదా.

ఇంకో మలుపు 2023 చివర్లో వచ్చింది. సింపుల్ మొబైల్ టూల్స్ అని చిన్న చిన్న యాప్‌ల కుటుంబం ఒకటి ఉండేది. గ్యాలరీ, క్యాలెండరు, కాంటాక్టులు, అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ప్రకటనలు లేవు. వాటి కర్త మొత్తాన్నీ జిపోయాప్స్ అనే కంపెనీకి అమ్మేశాడు. పేరు, గుర్తు, ప్లే స్టోర్‌లోని పేజీ, అప్పటికే దించుకున్న ఫోన్లకు వెళ్లే అప్‌డేట్ల దారి — ఇవి అమ్మగలిగాడు. అప్పటిదాకా విడుదలైన కోడ్ మీద జనానికిచ్చిన హక్కును అమ్మలేకపోయాడు, ఎందుకంటే అది ఆయన దగ్గర లేదు. వాటికి పనిచేస్తూ వచ్చిన ఒక ప్రోగ్రామర్ కోడ్ తీసుకుని 'ఫాసిఫై' అనే కొత్త పేరుతో కొనసాగించాడు. వాడేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు మారారు. తెలియనివాళ్ల ఫోన్‌లో గుర్తు పాతదే, యజమాని కొత్త. నన్నడిగితే లైసెన్స్ ముద్ర పేజీ మీద ఉండాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు. మొదటిరోజు ఏముందో చెబితే చాలదు, ఇవాళ ఏముందో చెప్పాలి.

మన ప్రభుత్వ యాప్‌లలో కోవిడ్ నాటి ఆరోగ్యసేతు గుర్తుండే ఉంటుంది. 2020 ఏప్రిల్ 2న వచ్చింది. రైలెక్కాలన్నా విమానమెక్కాలన్నా ఉందా అని అడిగిన రోజులవి. జనం ఎక్కడ తిరుగుతున్నారో చూసే యాప్ లోపల ఏముందో చూపించమని ఒత్తిడి పెరిగాక, మే 26న ఆండ్రాయిడ్ కోడ్‌ను అపాచే లైసెన్స్ కింద బయటపెట్టారు. మంచి పనే. కోడ్ బయటపెట్టడం సగం పని. స్టోర్‌లో కోట్లమంది దించుకున్న పొట్లం ఈ కోడ్ నుంచే తయారైందని ఎవరైనా సొంతంగా వండి సరిచూసుకునే వీలుండాలి, అది మిగతా సగం. హీట్ నంబరు లేని పరీక్ష పత్రం ఏ కట్టకైనా అంటించుకోవచ్చు.

కంప్యూటర్ల లోకంలో ఈ ముద్ర వేసే అలవాటు పాతదే. డెబియన్ లినక్స్ వాళ్లు 1997లోనే ఏది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరో తేల్చే సూత్రాలు రాసుకుని, సరుకును వేర్వేరు అరల్లో సర్దారు. మెయిన్ అనే అరలో స్వేచ్ఛావి మాత్రమే. యాజమాన్య సరుకు నాన్-ఫ్రీ అరలో. అది మా వ్యవస్థలో భాగం కాదు, మీ సౌకర్యం కోసం అందుబాటులో ఉంచాం, అని తేల్చి చెబుతారు. గ్నోమ్ సాఫ్ట్‌వేర్ అనే దుకాణం తెరిస్తే ఒక్కొక్క యాప్ కింద లైసెన్స్ గడి ఉంటుంది. యాజమాన్యమైతే ప్రొప్రైటరీ అని మొహమాటం లేకుండా రాసి ఉంటుంది. వెనకాల జరిగేది చిన్న ఏర్పాటే. ప్రతి యాప్‌తో పాటు వచ్చే ఒక చిన్న ఫైల్లో లైసెన్స్ అనే వరస ఉంటుంది. అందులో ఎస్‌పీడీఎక్స్ అనే ఉమ్మడి జాబితా ప్రకారం నిర్ణీతమైన పొట్టి పేరు రాయాలి. ఆ పేరు స్వేచ్ఛా లైసెన్సుల పట్టికలో ఉందా లేదా అని చూసి దుకాణం తనే చీటీ అంటిస్తుంది. ఒక ఫైలు, ఒక వరస. పెద్ద దుకాణాలకు ఇది చేతకాక కాదు. అడిగేవాళ్లు లేక, చెబితే వచ్చే లాభం లేక.

పైగా గాలి ఎదురు వీస్తోంది. ధ్రువీకరణ చేయించుకోని డెవలపర్ల యాప్‌లను, స్టోర్ బయటినుంచి దించుకున్నా సరే, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ల మీదికి ఎక్కనివ్వబోమని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండొనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి తర్వాత మిగతా దేశాలకు అంది. ఇలాగైతే మా దుకాణం మూతపడుతుందని ఎఫ్-డ్రాయిడ్ గట్టిగానే అడ్డుచెప్పింది. అనుభవమున్నవాళ్లకు వేరే దారి ఉంచుతామని 2025 నవంబరులో గూగుల్ కొంత మెత్తబడింది. గమ్మత్తేమిటంటే, కొత్త నియమం అడిగేది చేసినవాళ్లు ఎవరు అని. చేసింది ఏమిటి అని కాదు. రాడ్డు అమ్మినవాడి ఆధార్ కార్డు చూసి, రాడ్డు మీద గ్రేడు చూడకుండా ఇంటికి తెచ్చుకోవడం లాంటిది.

తెలుగువాళ్లకు ఈ స్వేచ్ఛ వల్ల ఒరిగిందేమిటి అని అడిగేవాళ్లకు నేను 'పద్మ' కథ చెబుతాను. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కొక్క సొంత ఫాంటుతో వచ్చేవి. అక్షరాల సంకేతాలు ఎవరివి వారివే. ఈనాడులో చదివిన వార్తను కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే పిచ్చి గుర్తులు వచ్చేవి. వెతికితే దొరికేది కాదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున, ఆ సంకేతాలన్నీ విప్పి యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను రాశాడు. కోడ్ అందరికీ ఇచ్చాడు. ఆ కోడ్‌లోని లిప్యంతరీకరణ భాగాన్ని తీసుకుని వీవెన్ 'లేఖిని' చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఆ పేజీ మీదే ఒక తరం బ్లాగర్లు రాయడం నేర్చుకున్నారు. మొదటాయన రెండో ఆయన దగ్గరికి వెళ్లి లేఖిని చేయి అని చెప్పలేదు. రెండో ఆయన మొదటాయనను బతిమాలుకోవాల్సిన అవసరం కూడా రాలేదు. అనుమతి ముందే ఉంది, లైసెన్స్‌లో. మండలి, గిడుగు, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు కూడా అంతే. సిలికానాంధ్ర చొరవతో స్వేచ్ఛా లైసెన్స్ మీద వచ్చాయి కాబట్టే పెళ్లిపత్రిక వేసే ప్రెస్సు నుంచి పుస్తక ప్రచురణకర్త దాకా ఎవరినీ అడగకుండా వాడుకుంటున్నారు.

బాబాయ్ యాప్ దగ్గరికి వద్దాం. మనవడు దువ్వాడ వైపు కాలేజీలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తాత తిట్లు తిన్నాక రోషం వచ్చి, రెండు రాత్రులు కూచుని, రాడ్డు బరువు చెప్పే యాప్ తనే రాశాడు. ప్రకటనలు లేవు, అనుమతులు అడగదు. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టేశాను, ఇక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే కదా అన్నాడు. కాదన్నాను. లైసెన్స్ ఫైలు పెట్టలేదు. మన కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా సాహిత్య రచనే. ఏమీ రాయకపోతే హక్కులన్నీ రచయితవే. కోడ్ కళ్లకు కనబడుతున్నా ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. వాడు నోరు తెరిచి, తర్వాత జీపీఎల్ మూడో కూర్పు పాఠాన్ని ఆ కోడ్ పక్కన ఒక ఫైలుగా చేర్చాడు. అర నిమిషం పని.

ఫోన్ తాత చేతికిచ్చాడు. 12 ఎమ్ఎమ్, ఒక మీటరు, ఒక రాడ్డు. 0.889 అని వచ్చింది.

"తప్పు" అన్నాడు బాబాయ్.

"తప్పెలా అవుతుంది తాతయ్యా, 144 బై 162."

"ఐఎస్ పట్టికలో 0.888 ఉంటాది. నేను ఆ అంకెతో ముప్పయ్యేళ్లు బతికినోణ్ని. నువ్వు రాసింది ఏదీ, సూపించు."

మనవడు ల్యాప్‌టాప్ తిప్పి ఆ వరస చూపించాడు. బాబాయ్‌కి కోడ్ చదవడం రాదు. అందులో 162 అనే అంకె మాత్రం ఆయనకు పాత స్నేహితుడిలా కనబడింది. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు. వృత్తం వైశాల్యంతో హెచ్చించి తిరగేస్తే వచ్చేది 162.2 దగ్గర. నోటి లెక్క కోసం మేస్త్రీలు ఆ చివరి ముక్క వదిలేస్తారు. వదిలేస్తే టన్నుకు కిలో పైచిలుకు తేడా.

"ఆ 162 పక్కన చుక్క పెట్టి రెండెయ్యి" అన్నాడు బాబాయ్. మనవడు వేశాడు. మార్పు వివరం అనే చోట ఏం రాయాలో తోచక నావైపు చూశాడు. అప్పటికి బాబాయ్ లేచి, తువ్వాలు దులుపుకుని, ఇంకా ముద్ర చూడని రాడ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.